కోర్టు కొట్టేసినా ఆలివర్ నార్త్ దోషేనా?

పాత పేపర్ల పిచ్చి:
మొన్న వేరే చర్చలో ఒకాయన "నార్త్ కేసు కోర్టే కొట్టేసింది, ఇంకా దోషి అంటారేంటి" అన్నారు. అందుకే విడిగా పెడుతున్నా. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: అమెరికా అధ్యక్షుడు రీగన్ హయాంలో, లెబనాన్‌లో బందీలైన అమెరికన్లను విడిపించుకోవడానికి ఇరాన్‌కి దొంగచాటుగా క్షిపణులు అమ్మారు. వచ్చిన డబ్బులో కొంత నికరాగువా ప్రభుత్వం మీద పోరాడే కాంట్రా తిరుగుబాటుదారులకు మళ్లించారు, వాళ్లకి సైనిక సాయం చేయొద్దని కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం చేసినా సరే. దాన్ని దగ్గరుండి నడిపింది వైట్‌హౌస్ జాతీయ భద్రతా మండలిలో ఉన్న మెరైన్ లెఫ్టినెంట్ కల్నల్ నార్త్. 1986 నవంబరులో గుట్టు రట్టయింది. నా దృష్టిలో దోషే.

కోస్తా కుర్రాడు:
ఒప్పుకోను అన్నా. వియత్నాంలో సిల్వర్ స్టార్ శౌర్య పతకం తెచ్చుకున్న మనిషి, పై అధికారి పాయిండెక్స్‌టర్‌కి తెలిసే అంతా చేశాడు. మాజీ రక్షణ మంత్రి వైన్‌బర్గర్‌తో కలిపి ఆరుగురికి 1992 డిసెంబరు 24న అప్పటి అధ్యక్షుడు బుష్ క్షమాభిక్ష పెట్టేశాడు, వైన్‌బర్గర్ మీద విచారణ మొదలు కాకముందే! పెద్దలు చేతులు దులుపుకుని కిందివాడి నెత్తిన రుద్దారు.

పాత పేపర్ల పిచ్చి:
పెద్దలు తప్పించుకున్నారన్నది నిజం తమ్ముడూ, అది నాకూ మంటే. కానీ కోర్టు ఎందుకు కొట్టేసిందో చూడు. 1987 జులైలో యూనిఫాం, పతకాలతో కాంగ్రెస్ ముందు కూర్చుని చెప్పిన సాక్ష్యాన్ని ఆయన మీదే వాడకూడదని ముందే హామీ ఉంది, అదేమో దేశమంతా టీవీలో చూసింది. 1989లో మూడు నేరాలు రుజువయ్యాక, సాక్షుల మాటల మీద ఆ ప్రసారం ప్రభావం పడి ఉండొచ్చని 1990లో అప్పీలు కోర్టు తీర్పు పక్కన పెట్టింది, మరుసటి ఏడాది కేసు ఎత్తేశారు. తప్పు చేయలేదని ఎవరూ తేల్చలేదు. కాగితాలు యంత్రంలో వేసి ముక్కలు చేశానని, కాంగ్రెస్‌కి అబద్ధం చెప్పానని ఆయనే ఒప్పుకున్నాడు కదా. ఇక నార్త్ ఇంటి గేటు సంగతి: దాదాపు 13,800 డాలర్ల భద్రతా ఏర్పాటు, డబ్బు కట్టింది ఆయుధాల లావాదేవీలో భాగస్వామి. గొడవ ముదిరాక, తనే కడతానన్నట్టు పాత తేదీలేసి ఉత్తరాలు టైపు చేశాడు. ఇది ఏ పై అధికారి ఆర్డరు?

కోస్తా కుర్రాడు:
ఉత్తరాలు తప్పే, దాన్ని వెనకేసుకురాను. కానీ పాలస్తీనా ఉగ్రవాది అబూ నిదాల్ మనుషులు చంపుతామంటే ఇంట్లో పిల్లలున్నవాడు ఏం చేస్తాడన్నా, ప్రభుత్వం కాపలా పెట్టనప్పుడు?

పాత పేపర్ల పిచ్చి:
గేటు పెట్టుకోవడం తప్పని నేననలేదు, ఆ భయం నిజమే. దొంగ ఉత్తరాలే నా బాధ. తర్వాత 1994లో వర్జీనియా సెనేట్‌కి నిలబడి ఓడాడు, ఎన్నికల ముందు నాన్సీ రీగనే బయటికొచ్చి ఆయన తన భర్తకి అబద్ధాలు చెప్పాడంది. అయినా ఫాక్స్ న్యూస్‌లో కార్యక్రమం, 2018లో తుపాకీదారుల సంఘం ఎన్‌ఆర్‌ఏ అధ్యక్ష పదవి. అదే వియత్నాం యుద్ధంలో పోరాడి, ఎక్కడా అబద్ధమాడకుండా రిటైరైన అధికారుల పేర్లు మనలో ఒక్కరికైనా తెలుసా?