టివట్ విమానాశ్రయం: అక్టోబరు చివర్లో వెళ్లొచ్చా?

ప్రశ్న: అమ్మకి మాంటెనెగ్రోలోని కోటోర్ పట్టణం చూపించాలని ఎన్నాళ్లుగానో కోరిక. దాని దగ్గరి విమానాశ్రయం టివట్. జులైలో బోలెడన్ని విమానాలున్న టివట్‌కి నవంబరు తేదీలు పెడితే దాదాపు ఏమీ రావట్లేదు. అక్టోబరు చివర్లో అయితే వెళ్లొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: యూరప్ విమానాల వేసవి షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారానికి ముందురోజు శనివారంతో ముగుస్తుందండీ. బీచ్ సీజన్ చార్టర్లు (టూర్ కంపెనీలు అద్దెకి తీసుకుని నడిపే విమానాలు) అంతకుముందే తగ్గిపోతాయి. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ మీదుగా వెతకండి.

జవాబు 2: నేనైతే అమ్మగారి కోసం ప్రయాణం ఒక వారం ముందే పెట్టుకుంటాను. టివట్ నుంచి కోటోర్ 8 కిలోమీటర్లే, సొరంగం దాటితే ఊరే. రాజధాని పొడ్‌గొరిత్సలో దిగితే సెటిన్యే, బుద్వా మీదుగా సుమారు 90 కిలోమీటర్ల కొండదారి, మలుపులు ఎక్కువ. పెద్దవాళ్లకి కడుపులో తిప్పుతుంది. టివట్‌లో ఇంకో సంగతి: రన్‌వే ఒక కొస సముద్రపు అంచున, చుట్టూ కొండలు. గాలి ఎక్కువైతే విమానాన్ని పొడ్‌గొరిత్సకి మళ్లించడం మామూలే. అందుకే తిరుగు ప్రయాణంలో కనెక్షన్ల మధ్య సమయం గట్టిగా వదలండి. కిటికీ సీటు మాత్రం అమ్మగారికే ఇవ్వండి, ఆ దిగడం అంత బాగుంటుంది!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. తేదీలు ముందుకి జరుపుతున్నాను. టాక్సీ ధర ఎక్కడానికి ముందే మాట్లాడుకోవాలా?

జవాబు 2: తప్పకుండా, యూరోల్లో.