గాయని ప్రొడ్యూసర్ అయితే చేసే పని ఏమిటి? సిల్వియా రాబిన్సన్ గురించి ఒక సందేహం

ఓరుగల్లు పాట (హనుమకొండ):
అందరికీ నమస్కారం. నేను పదేళ్లుగా జానపదాలు, బతుకమ్మ పాటలు పాడుతున్నాను. ఈసారి నేను పాడకుండా, ఇద్దరు కొత్త అమ్మాయిల చేత పాడించి, పాటను దగ్గరుండి తయారు చేయించాలని అనుకుంటున్నాను. ఈ ఆలోచనలో ఉండగానే అమెరికా సోల్ గాయని సిల్వియా రాబిన్సన్ గురించి చదివాను. 1973లో ‘పిల్లో టాక్’ పాడి పేరు తెచ్చుకున్న ఆమె 1979 నాటికి ర్యాప్ (తాళం మీద మాటలు పేర్చి చెప్పే పాట) రికార్డులకు ప్రొడ్యూసర్ అయ్యారట. మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. ఆమె పెట్టింది డబ్బేనా, పాటలో ఆమె చెయ్యి కూడా ఉందా?

మానేరు గట్టు (కరీంనగర్):
రికార్డుల లోకంలో ప్రొడ్యూసర్ అంటే సినిమా నిర్మాత కాదండీ. ఏ గొంతుకు ఏ పాట నప్పుతుంది, వాద్యం ఎక్కడ ఆగాలి, పదిసార్లు పాడిన వాటిలో ఏది ఉంచాలి అని తేల్చే మనిషి. సిల్వియా ఆ పనిలోకి హఠాత్తుగా రాలేదు. మికీ బేకర్ దగ్గర గిటారు నేర్చుకుని, ఆయనతో కలిసి 1956లో ‘లవ్ ఈజ్ స్ట్రేంజ్’ పాడారు. తర్వాత భర్త జో రాబిన్సన్‌తో కలిసి న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో రికార్డుల కంపెనీ నడుపుతూ ఇతరులకు పాటలు రాసి, రికార్డు చేయించారు. మీరు చెప్పిన ‘పిల్లో టాక్’ కూడా ఆమె గాయకుడు అల్ గ్రీన్ కోసం తయారు చేసిన పాటే. ఆయన వద్దనడంతో తానే పాడారు. అంటే గాయనిగా ఆమెకు పెద్ద పేరు తెచ్చిన పాట ప్రొడ్యూసర్ పనిలోంచే పుట్టింది.

సింగరేణి సౌండ్ (గోదావరిఖని):
1979లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒక వేడుకలో, డీజే పాటల మీద మాటలు పేరుస్తుంటే జనం ఊగిపోవడం చూసి, దీన్ని రికార్డు చేయాలని ఆమెకు తట్టిందట. పిజ్జా కొట్టులో పనిచేసే కుర్రాణ్ని కొట్టు ముందే కారులో కూర్చోబెట్టి విన్నారు. అలా అతనితో కలిపి కుదిరిన ముగ్గురే షుగర్‌హిల్ గ్యాంగ్. వాళ్లతో ఆమె చేయించిన ర్యాప్ పాట ‘రాపర్స్ డిలైట్’ 14 నిమిషాలు దాటుతుంది. అంతసేపూ షిక్ అనే డిస్కో బృందం వారి ‘గుడ్ టైమ్స్’ పాటలోని బాస్ గిటారు వరుసను స్టూడియోలో మనుషులే వాయించారు.

గాయని చెవి ఎంత పని చేస్తుందో నేనూ ఒకసారి చూశాను. బతుకమ్మ పాటకు చప్పట్లు రికార్డు చేస్తూ, గాజుల శబ్దం మైకులో పడుతోందని నలుగురినీ గాజులు తీయమన్నాను. పాడుతున్న అక్క, “ఉండనియ్యి తమ్మీ, గాజుల సప్పుడు లేకుంటే అది బతుకమ్మెట్లయితది?” అన్నది. తీరా విన్నాక ఆ పాటకు ప్రాణమే ఆ శబ్దం. నేను యంత్రం ముందు కూర్చున్నానంతే, ప్రొడ్యూసర్ పని చేసింది ఆమె.

వేయిస్తంభాల నీడ (వరంగల్):
పై ఇద్దరూ చెప్పింది నిజమే కానీ రెండో వైపు కూడా ఉంది. ‘గుడ్ టైమ్స్’ రాసిన నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌కు ‘రాపర్స్ డిలైట్’ మీద రచయితలుగా గుర్తింపు దక్కింది గొడవ పడ్డాకే. గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే ర్యాపర్ మాటలను ఆ పాటలో వాడుకుని ఆయన పేరే వేయలేదు. 1982లో ఆమె కంపెనీ నుంచే వచ్చిన ర్యాప్ పాట ‘ది మెసేజ్’ మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరు ఉన్నా, వినిపించే గొంతులు ప్రధానంగా మెల్లీ మెల్‌వీ, డ్యూక్ బూటీవీ. బృందానికి పెద్దగా ఇష్టం లేకపోయినా ఆ పాట రావాల్సిందేనని పట్టుబట్టింది సిల్వియాయే. ఆమె చెవిని తప్పుపట్టలేం, కంపెనీ లెక్కలను మెచ్చుకోలేం. పల్లెలో అవ్వ పాడిన పాటను పట్టుకొచ్చి ‘రచన’ అని తమ పేరు వేసుకునేవారిని మన దగ్గరా చూస్తూనే ఉన్నాం కదా.

ఓరుగల్లు పాట (హనుమకొండ):
అందరికీ ధన్యవాదాలు. ఈ పాట నాకు నర్సంపేటలో మా మేనత్త నేర్పింది, ఆమెకు వాళ్ల అత్త నేర్పిందట. రచన దగ్గర నా పేరు వేయను. వాళ్లిద్దరి పేర్లూ, ఊరి పేరూ వేయిస్తాను. చప్పట్లకు మేనత్తనే పిలుస్తున్నాను, గాజులతోనే.