అల్ట్రాసోనిక్ స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయా?

ప్రశ్న:
మా అమ్మకు 58 ఏళ్ళు, మధుమేహం ఉంది. కింది ముందుపళ్ళ లోపలి వైపు గార గట్టిగా పేరుకుపోయింది, బ్రష్ చేసుకున్న ప్రతిసారీ చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. దంతవైద్యుడు అల్ట్రాసోనిక్ స్కేలింగ్ (కంపించే యంత్రంతో గార తీయడం) చేయించమన్నారు. అయితే కొన్నేళ్ళ క్రితం తాను చేయించుకున్న తరువాత పళ్ళ మధ్య సందులు పడ్డాయని, రెండు పళ్ళు కదలసాగాయని మా మేనత్త చెప్పడంతో అమ్మ ససేమిరా అంటోంది. ఆ యంత్రం నిజంగానే పళ్ళను అరగదీస్తుందా?

జవాబు (దంతవైద్యురాలు):
పంటిని తొలిచే డ్రిల్లు మాదిరిగా స్కేలర్ (గార తీసే ఆ యంత్రం) మొన గిరగిరా తిరగదు. సెకనుకు సుమారు 25,000 నుంచి 50,000 సార్లు, కంటికి ఆనని దూరంలో అటూ ఇటూ కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి ఊడిపోతుంది, వెంట వచ్చే నీరు మొన వేడెక్కకుండా చూస్తూ ఆ ముక్కలను కడిగేస్తుంది. మొన పక్కభాగాన్ని పంటికి తేలికగా ఆనించి పనిచేస్తే ఎనామిల్‌కు (పంటి గట్టి పైపొరకు) చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. మొనను నిటారుగా గుచ్చి గట్టిగా నొక్కితే మాత్రం గీతలు పడతాయి కనుక చేసేవారి నైపుణ్యం ముఖ్యమే.

ఇక సందులు, పళ్ళు కదలడం విషయం. చిగుళ్ళ జబ్బు వల్ల పంటిని పట్టి ఉంచే ఎముక ఏళ్ళ తరబడి కరుగుతూ ఉంటే, ఆ ఖాళీని గార, వాచిన చిగురు కప్పి ఉంచుతాయి. గార తీసి వాపు తగ్గేసరికి అప్పటికే ఉన్న సందు, పంటి కదలిక బయటపడతాయి. మీ అమ్మగారి విషయంలో ఆలస్యం అసలు మంచిది కాదు, ఎందుకంటే చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో ఇన్ఫెక్షన్ ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఆ రోజు భోజనం, మందులు మానకుండా రమ్మనండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందుగానే చెప్పాలి.

జవాబు (చేయించుకున్న వ్యక్తి):
మాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చిన గోధుమరంగు మచ్చలు పోతాయనుకుని వెళ్ళాను. అవి పంటిలోనే ఉంటాయి కనుక స్కేలింగ్‌తో పోవని ముందే చెప్పారు. నోట్లో చల్లటి నీటి తుంపర, సన్నటి కీచు శబ్దం, నీటిని లాగేసే గొట్టం గుడగుడ, అంతే. నొప్పి పెద్దగా లేదు. కుర్చీ దిగాక పళ్ళ వెనుక నాలుక ఆనిస్తే గరుకుగా ఉండే చోటు నున్నగా తగిలింది. నాలుగైదు రోజులు చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమన్నాయి, తరువాత సర్దుకుంది.

ప్రశ్న అడిగినవారు:
ఈ జవాబులు అమ్మకు చదివి వినిపించాను. సోమవారం వెళ్దామంది.

జవాబు (దంతవైద్యురాలు):
సంతోషం. వీలైతే మీ మేనత్తగారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. కదిలే ఆ రెండు పళ్ళ దగ్గర చిగురుకు, పంటికి మధ్య ఉన్న ఖాళీ లోతు కొలిచి ఎక్స్‌రే తీస్తే, వాటిని నిలబెట్టుకోవచ్చో లేదో తెలుస్తుంది.