సూచిక 300 దాటితే లగూన్ అడుగు బురద తవ్వేయాల్సిందేనా?

ఉప్పుగాలి:
మా బృందం ఓ తీర లగూన్ (సముద్రం పక్కనే ఉండే ఉప్పునీటి సరస్సు) అడుగు మట్టిలో భార లోహాలు కొలిచింది. హకాన్సన్ ముప్పు సూచిక (ఒక్కో లోహాన్ని దాని సహజ స్థాయితో భాగించి, విషగుణాన్ని బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించి, అన్నీ కలిపేది) వేస్తే 305 వచ్చింది, 300 దాటింది అంటే "గణనీయమైన ముప్పు". కొందరు తవ్వి తీసేయాలంటున్నారు, కొందరు కదపొద్దంటున్నారు. నేనైతే తవ్వాలనే అంటాను. సముద్రంలోకి ఉన్నది ఒక్క సన్నటి మొగ, లోపలి నీరు మారడానికే నెలలు పడుతుంది, వచ్చిన లోహం వచ్చినట్టు అడుగున కూర్చుంటుంది.

లెక్కలపిచ్చి:
ఆ 305 దేనిలోంచి వచ్చింది? సహజ స్థాయిగా ఏం పెట్టారు?

ఉప్పుగాలి:
షేల్ రాయి సగటు. మా బురదలో కాడ్మియం కిలోకి 1.5 మి.గ్రా., పాదరసం 1. ఈ రెండిటి నుంచే 250.

లెక్కలపిచ్చి:
అదీ సంగతి. షేల్ కాడ్మియం 0.3 కాబట్టి 5 రెట్లు, గుణకం 30, కాడ్మియం వాటా 150. మీ ప్రాంతంలో సహజంగా ఉండేది 0.1 అయితే అదే బురదకి కాడ్మియం వాటానే 450 వస్తుంది. బురద మారలేదండీ, హారం మారింది. పైగా 1980లో హకాన్సన్ ఈ పద్ధతి కట్టింది స్వీడన్ మంచినీటి సరస్సుల మీద, ఎనిమిది కాలుష్యాలకి, అందులో పీసీబీ అనే క్లోరిన్ రసాయనం అసలు లోహమే కాదు. ముప్పు ఏ స్థాయిదో చెప్పే 150, 300, 600 గీతలు ఆ ఎనిమిదింటి మొత్తానికి గీసినవి. అందరూ వాటిని ఎన్ని లోహాలకైనా వాడేస్తారు, అది వేరే గొడవ. అమెరికాలో వాడే ఈఆర్ఎమ్ గీతతో (ఇది దాటితే జీవులకి తరచూ హాని కనిపిస్తుందనే స్థాయి) చూద్దామా అంటే నికెల్‌కి అది కిలోకి 51.6 మి.గ్రా., షేల్ సగటే 68. ఫ్యాక్టరీలు పుట్టకముందు మట్టి కూడా ఫెయిలే!

నల్లబురద:
సూచిక సంగతి వదిలేసినా మొత్తం లోహం ఎంతుందన్నది అసలు ప్రశ్న కాదు, జీవులకి అందేది ఎంత అన్నదే ప్రశ్న. గాలి తగలని నల్ల బురదలో సల్ఫైడ్ ఉంటుంది, కాడ్మియం, సీసం, జింక్ దాన్ని పట్టుకుని కదలకుండా పడుంటాయి. మీరు డ్రెడ్జర్ (అడుగు తవ్వే యంత్రం) దింపి కెలికారంటే ఆక్సిజన్ తగిలి సల్ఫైడ్ విరిగిపోతుంది, లోహం నీళ్లలోకొస్తుంది. పడుకున్నదాన్ని లేపడం దేనికి?

ఉప్పుగాలి:
జపాన్‌లో పాదరసంతో విషమైపోయిన మినమాటా ఖాతంలో 1977 నుంచి 1990 దాకా తవ్వారు కదా?

నల్లబురద:
తవ్వారు, 25 పీపీఎం (అంటే కిలోకి 25 మి.గ్రా.) దాటిన పాదరసపు బురదని. మీది 1.

మొగదగ్గర:
నల్లబురద గారూ, కాడ్మియానికి మీ మాట ఒప్పుకుంటా, పాదరసానికి ఒప్పుకోను. సల్ఫేట్‌ని తిని సల్ఫైడ్ చేసే ఆ బ్యాక్టీరియాల్లోనే కొన్ని పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, అది చిన్న పురుగు నుంచి పెద్ద చేప దాకా మెట్టు మెట్టుకీ పెరుగుతూ పోతుంది. ఆక్సిజన్ లేదు కాబట్టి సేఫ్ అంటే ఎలా? ఇక తుఫాను వచ్చిన రోజు మీ పర్మిషన్ అడిగి కెలకదు. ఉప్పుగాలి గారూ, లోతు దాకా గొట్టం దింపి కోర్ (పొరలు చెదరని మట్టి స్తంభం) తీశారా? సీసం-210 అనే రేడియోధార్మిక సీసంతో పొరల వయసు కట్టి, ఫ్యాక్టరీలకి ముందు పొరలో కాడ్మియం చూస్తే ఆ హారం గొడవ తీరుతుంది. అలాగే పాత నమూనాల్లోనే సల్ఫైడ్, మిథైల్ పాదరసం కొలిపించండి.

ఉప్పుగాలి:
కోర్ తీయలేదు, పైపైన 5 సెంటీమీటర్లే. నమూనాలన్నీ ఓవెన్‌లో ఎండబెట్టి పొడి కొట్టేశాం.

నల్లబురద:
అయితే సల్ఫైడ్ ఎప్పుడో ఎగిరిపోయింది. మళ్లీ పడవెక్కండి, ఈసారి గాలి తగలకుండా మూసి, ఐస్‌లో పెట్టి తెండి.