అప్‌డేట్: పార్క్ చేసిన కారుకు గుద్ది వెళ్లిపోయినాయన దొరికాడు

పోయిన వారం అడిగాను కదా, హన్మకొండ చౌరస్తా దగ్గర కారు పక్కకు పెట్టి బట్టల షాపులోకి వెళ్లొచ్చేసరికి వెనక డోరు లోపలికి పోయి ఉంది, గుద్దినోడు లేడు అని. మీలో ఒకరు చెప్పినట్టు ముందు ఎదురుగా ఉన్న మెడికల్ షాపాయన్ని బతిమాలి సీసీ కెమెరా ఫుటేజీ ఫోన్‌లోకి తీసుకున్నా, రికార్డింగ్ చెరిగిపోకముందే వెళ్లడం మంచిదైంది. తెల్ల కారు, రివర్స్ తీస్తూ గుద్దింది, దిగి చూసి మరీ వెళ్లిపోయాడు మహానుభావుడు!

నంబరుతో స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చా. వాళ్లు ఫోన్ చేస్తే సాయంత్రానికే వచ్చి "తమ్మీ, తొందర్ల చూస్కోలే" అన్నాడు. డెంటింగ్, పెయింటింగ్ కలిపి 8,500 అయింది, మొత్తం ఆయనే కట్టాడు. నా ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేస్తే మూడేళ్లుగా పెరిగిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయేది, పైగా 1,000 నేనే పెట్టుకోవాలి, అందుకే అటు పోలేదు. డబ్బు చేతికొచ్చాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టా. పెయింట్ రంగు మాత్రం ఎండలో కొంచెం తేడాగానే కనిపిస్తోంది.