బండి మీద మొదటి క్యాంపింగ్: వెనక కూర్చునే మనిషికి ఇంకా మనసు కుదరలేదు

ప్రశ్న

ఇద్దరం కలిసి బండి మీద మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. నడిపేది నేను, వెనక కూర్చునేది మా ఆయన. బండి 400 సీసీ. ట్యాంకు నిండా పెట్రోలుతో 205 కిలోలు. మనుషులు, సామానుతో కలిపి 385 కిలోలు దాటకూడదని మాన్యువల్‌లో ఉంది. నేను 58 కిలోలు, ఆయన 78. గంటకు మించి వెనక కూర్చునే అలవాటు ఆయనకి లేదు, టెంటులో ఎప్పుడూ పడుకోలేదు. అడిగితే "చూద్దాంలే" అంటారు. వద్దనరు, సరే అనీ అనరు.

నా ప్లాను మూడు పగళ్లు, రెండు రాత్రులు. రోజుకి 300 కిలోమీటర్లు, రెండు రాత్రులూ వేర్వేరు చోట్ల. సామాను ఎంత పెట్టొచ్చు, ఎలా కట్టాలి, బండిలో ఏం మార్చాలి, ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు 1

ఒప్పించే పని ముందు పక్కన పెట్టండి. "చూద్దాంలే" వెనక ఏ భయం ఉందో అడిగి తెలుసుకోండి. సాధారణంగా నాలుగింట్లో ఒకటి ఉంటుంది. బండి వేగం, మలుపుల్లో వంగడం ఒకటి. నడుం, మోకాళ్లు పట్టేస్తాయన్నది రెండోది. రాత్రి చలి, పురుగూ పుట్రా, బాత్రూం మూడోది. ఒకసారి బయల్దేరాక తన మాటకి విలువ ఉండదేమో అన్నది నాలుగోది, పైకి చెప్పనిది. ఒక్కోదానికి మందు వేరు. చలి గురించి బెంగపడే మనిషికి కొత్త హెల్మెట్ కొనిచ్చి లాభం లేదు.

మీ ప్లాను మొదటిసారికి చాలా బరువు. 300 కిలోమీటర్లు నడిపేవాళ్లకి పెద్ద కష్టం కాకపోవచ్చు, వెనక కూర్చునేవాళ్ల లెక్క వేరు. ముందుకి ఆనుకోవడానికి హ్యాండిల్‌బార్ ఉండదు కాబట్టి ఒంటి బరువంతా సీటు మీదే పడుతుంది. ముందు రోడ్డు కనపడదు కాబట్టి ప్రతి బ్రేకూ హఠాత్తుగానే తగులుతుంది. పాదాలు కదపడానికి చోటుండదు. అందుకే దూరం 120 కిలోమీటర్లకి తగ్గించండి. ఒకే చోట, ఒకే రాత్రి. 45 నిమిషాలకోసారి ఆగాలి, ఆగిన ప్రతిసారీ ఇద్దరూ దిగి పది నిమిషాలు నడవాలి. నొప్పి మొదలయ్యాక ఆగితే ఆ నొప్పి రోజంతా పోదు, అందుకే గడియారం చూసి ఆగండి.

టెంటు వేసే చోట నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయని ముందే ఖాయం చేసుకోండి. అడవి మధ్యలో ఒంటరిగా టెంటు వేయడం నాలుగో ట్రిప్పుకి ఉంచుకోండి. దగ్గర్లో, 20 కిలోమీటర్లలోపు, రాత్రి గది దొరికే చోటు ఒకటి చూసి ఫోను నంబరు రాసుకోండి. ఇద్దరిలో ఎవరు "ఇక చాలు" అన్నా కారణం అడక్కుండా అక్కడికి వెళ్లిపోవాలని ముందే మాట అనుకోండి. అయితే ఆ నిర్ణయం పొద్దు గుంకేలోగా జరగాలి. టెంటు, పరుపులు విప్పి చుట్టి మళ్లీ కట్టడానికి కొత్తవాళ్లకి గంట పడుతుంది. చీకట్లో ఆ పని చేసి అదే చీకట్లో బండి నడపడం ఇద్దరికీ మంచిది కాదు.

అసలు ట్రిప్పుకి ముందు రెండు రిహార్సల్స్ చేయండి. ఒక రాత్రి ఇంటి పెరట్లోనో డాబా మీదో టెంటు వేసి తెల్లారేదాకా అందులోనే పడుకోండి. డాబా మీద మేకులు దిగవు, తాళ్లకి బరువులు కట్టాలి. ఇంకో రోజు సామానంతా కట్టుకుని 40 కిలోమీటర్లు తిరిగి రండి. కొత్త పడక, కొత్త బరువు, కొత్త చోటు మూడూ ఒకే రోజు మీద పడితే ఏది ఇబ్బంది పెట్టిందో కూడా తెలీదు.

జవాబు 2

బరువు లెక్క నేను చెప్తాను. 385 లోంచి 205 తీస్తే 180 కిలోలు. మీ ఇద్దరూ కలిపి 136. హెల్మెట్, జాకెట్, బూట్లు మనిషికి ఏడేసి కిలోలు వేసుకోండి, 150 అయింది. మిగిలింది 30 కిలోలు. బండి పక్కన బిగించే పెట్టెలు, వాటి ఇనప ఫ్రేములు కూడా ఈ ముప్పైలోనే రావాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. అల్యూమినియం పెట్టెలు, ఫ్రేముతో కలిపితే సామాను పెట్టకముందే 15 కిలోల దాకా తినేస్తాయి. గుడ్డ బ్యాగులైతే బెల్టులతో సహా 4 కిలోల్లో పనైపోతుంది. మీకు గుడ్డ బ్యాగులే సరి.

మిగతావి ఇలా: టెంటు 3, పరుపులు, దిండ్లు 2, స్లీపింగ్ బ్యాగులు 2.5, స్టవ్వు, గిన్నెలు 1.5, ఇద్దరి బట్టలు 6, పనిముట్లు, పంక్చర్ సామాను, గాలి పంపు 2.5, తిండి 2. బ్యాగులతో కలిపి ఇరవై ఒకటిన్నర, తిండితో ఇరవై మూడున్నర. నీళ్లు 4 లీటర్లు పెడితే ఇరవై ఏడున్నర. మడత కుర్చీలు రెండు, జత 2 కిలోల్లో దొరుకుతాయి. బరువు తగ్గించాలనుకునేవాళ్లు ముందు కుర్చీల మీదే పడతారు, అది తప్పు. రోజంతా వీపు ఆన్చకుండా కూర్చున్న మనిషికి సాయంత్రం ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. కావాలంటే ఒక జత బట్టలు తగ్గించండి. అన్నీ సర్దాక కాటా మీద తూచి చూడండి, అంచనాని నమ్మొద్దు.

సర్దేటప్పుడు బరువైనవి కిందకి, వెనక చక్రం ఇరుసుకి ముందువైపుకి రావాలి. పనిముట్లు, నీళ్లు పక్క బ్యాగుల అడుగున, సీటు వైపు. రెండు పక్కలా కిలో తేడా కూడా రాకుండా చూడండి. వెనక ర్యాకు మీద తేలికైనవే, అంటే స్లీపింగ్ బ్యాగులు, పరుపులు. చాలా ర్యాకులు 5 నుంచి 10 కిలోలే మోస్తాయి, దాని మీద రాసే ఉంటుంది. ఇరుసుకి వెనక, ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికైపోయి వేగంలో బండి ఊగడం మొదలవుతుంది. మీ బండిలో వెనక మనిషే ఎక్కువ బరువు కాబట్టి ఈ తప్పు చేయడానికి అసలు చోటే లేదు.

టెంటు కడ్డీలు మడిచాక ఎంత పొడుగో చూసి కొనండి. 45 సెంటీమీటర్లైతే బ్యాగులో అడ్డంగా పడుతుంది. 60 దాటితే ర్యాకు మీద బయటికి పొడుచుకొస్తుంది.

కట్టడానికి బకిల్ ఉన్న పట్టీలు వాడండి. కొక్కేల రబ్బరు తాళ్లు వద్దు. గతుకులో సాగినప్పుడు కొక్కెం ఊడుతుంది, ఊడిన తాడు చక్రంలోకో చైన్‌లోకో పోతే వెనక చక్రం పట్టేస్తుంది. పట్టీ కొసల్ని చుట్టి ముడేయండి. బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య ఐదు వేళ్ల సందు ఉండాలి. ఇద్దరూ ఎక్కాక ఆ సందు మళ్లీ చూసుకోండి. బయల్దేరిన 20 నిమిషాలకి ఒకసారి ఆగి పట్టీలన్నీ మళ్లీ బిగించండి, గుడ్డ బ్యాగులు ఆపాటికి సర్దుకుని వదులవుతాయి.

ఇక బండి. టైర్లలో గాలి ఇద్దరు మనుషుల లెక్క ప్రకారం పెట్టాలి. ఆ అంకె సాధారణంగా చైన్ గార్డు మీద స్టిక్కర్‌లో ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. తక్కువ గాలితో ఇంత బరువు మోస్తే టైరు పక్కగోడలు వేడెక్కి దెబ్బతింటాయి. వెనక షాక్ ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే ఎంత నొక్కి ఉంచాలో చెప్పే అమరిక, పెంచండి. ఏడు మెట్లుండి ఇప్పుడు రెండులో ఉంటే ఐదుతో మొదలుపెట్టండి. పెంచకపోతే వెనక భాగం కుంగి, మలుపుల్లో బండి బయటికి పోతుంది, గతుకుల్లో అడుగు తగులుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. ప్రీలోడ్ సరిచేశాక ఇద్దరూ కూర్చుని గోడ మీద వెలుగు చూసి లైటు దించండి. చైన్ వదులు మాన్యువల్ ప్రకారం పెట్టి, ఇద్దరూ కూర్చున్నాక మూడో మనిషితో ఇంకోసారి చూపించండి. బరువుకి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పైకి లేచి, ముందు పళ్ల చక్రం, స్వింగార్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడే చైన్ బాగా బిగుస్తుంది. అప్పుడు చైన్ కాస్త కూడా ఊగకపోతే భారం బేరింగుల మీద పడుతుంది.

జవాబు 3

ఎక్కడం, దిగడం గురించి ఎవరూ చెప్పలేదు. తక్కువ బరువున్న మనిషి నడుపుతూ, ఎక్కువ బరువున్న మనిషి వెనక ఎక్కేటప్పుడే బండి పడేది, అదీ ఆగి ఉన్నప్పుడే. మీరు ముందు కూర్చుని, రెండు పాదాలూ నేలకి ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని "ఊ" అన్నాకే ఆయన ఎక్కాలి. ఎడమ ఫుట్‌రెస్టు మీద నిలబడి ఎక్కితే 78 కిలోలూ ఒక పక్కకి లాగుతాయి. కాలు అందితే నేల మీంచే కుడికాలు సీటు మీదుగా వేసి కూర్చోవడం మేలు. అందుకని ర్యాకు మీద మూట ఎత్తు 25 సెంటీమీటర్లు దాటనివ్వకండి. దిగేటప్పుడూ మీ మాట అయ్యాకే దిగాలి. ఈ పని సామానుతో ఇంటి దగ్గరే పదిసార్లు చేయండి.

ఆయన పట్టుకునే వెనక కడ్డీ సామాను కింద కప్పబడిపోకుండా చూడండి. బ్రేకు పడ్డప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఆయన బరువంతా మీ వీపు మీదా, అక్కణ్ణుంచి మీ మణికట్ల మీదా పడుతుంది.

ఆయనకి చెప్పాల్సినవి మూడే. మలుపులో, బండి తిరిగే వైపు మీ భుజం మీదుగా చూడాలి, అప్పుడు ఒళ్లు దానంతటదే సరిగ్గా వంగుతుంది. బండి ఆగేటప్పుడు, నెమ్మదిగా తిరిగేటప్పుడు కదలకూడదు. ఆగినా పాదాలు ఫుట్‌రెస్టుల మీదే ఉంచాలి.

మీరు చేయాల్సింది ఎక్కువ. బ్రేకు మామూలు కంటే చాలా ముందు మొదలుపెట్టండి, ఆగబోయే చివరి మీటరులో కొద్దిగా వదలండి. హెల్మెట్లు ఢీకొనేది ఆ చివరి కుదుపుకే. వెనక చక్రం మీద బరువు ఎక్కువుంది కాబట్టి వెనక బ్రేకు ఒంటరి ప్రయాణంలో కంటే బాగా పనిచేస్తుంది, రెండూ కలిపి వాడండి. రెట్టింపు ఖాళీ ఉంటే గానీ ఓవర్‌టేక్ చేయొద్దు. గరిష్ఠ వేగం ఎంతో ఆయన్నే చెప్పమనండి, అది 70 అయితే 70.

సైగలు అనుకోండి: తొడ మీద ఒక తట్టు అంటే నెమ్మదించు, రెండు అంటే వీలున్నచోట ఆపు, ఆగకుండా తడితే ఇప్పుడే ఆపు. ఇంటర్‌కమ్ ఉన్నా ఇవి ఉండాలి, బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో చెప్పలేం. ఆయన జాకెట్, చేతితొడుగులు మీవాటికి తీసిపోకూడదు. కదలకుండా కూర్చునే మనిషికే ముందు చలేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. అడిగితే విషయం బయటపడింది. బండి గురించి ఆయనకి భయం లేదట. రాత్రి చలి, వాన పడితే తడవడం, నిద్ర పట్టకపోవడం, ఇవే బెంగ. ఒక రాత్రి, 120 కిలోమీటర్లు అంటే "అంతేనా?" అన్నారు. ఇద్దరు పట్టే టెంటు చూశాను, చాలదా?

జవాబు 4

ఇద్దరి టెంటు అంటే రెండు పరుపులు అంచుకి అంచు ఆనేంత వెడల్పు, అంతే. ముగ్గురు పట్టే టెంటు తీసుకోండి, బరువు అరకిలో పెరుగుతుంది. రెండు వైపులా తలుపులుంటే రాత్రి లేచే మనిషి పక్కవాళ్లని తొక్కుకుంటూ వెళ్లక్కర్లేదు. తలుపు బయట కప్పున్న వసారా ఉండాలి, తడి బూట్లు అక్కడే.

నిద్ర పాడుచేసే చలి చాలావరకు నేల నుంచే వస్తుంది. స్లీపింగ్ బ్యాగు ఎంత మందంగా ఉన్నా ఒంటికింద నలిగిపోయి పనిచేయదు, కాబట్టి డబ్బు ముందు పరుపు మీద పెట్టండి. పరుపు మీద ఆర్-వాల్యూ అని, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది. వెచ్చటి రాత్రులకి 2 చాలు, చల్లటి రాత్రులకి 3 నుంచి 4, నేల గడ్డకట్టే చోట 5 పైన. స్లీపింగ్ బ్యాగు మీద ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలు వేస్తారు. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలబడే హద్దు, నిద్ర పట్టేది కాదు. రాత్రి 10 డిగ్రీలు ఉంటుందనుకుంటే కంఫర్ట్ 5 ఉన్నది కొనండి. ఒకటి ఎడమ జిప్పు, ఒకటి కుడి జిప్పు తీసుకుంటే రెండూ కలిపేసుకోవచ్చు. పడుకునే బట్టలు, మేజోళ్లు విడిగా నీళ్లు చొరని సంచిలో పెట్టి, పడుకునేదాకా తీయొద్దు.

పొద్దున్నే టెంటు లోపల తడి కనపడితే "కారింది" అనుకుంటారు. చాలాసార్లు అది ఇద్దరి ఊపిరి నుంచి వచ్చిన ఆవిరే. చలేస్తోందని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఖాయంగా వస్తుంది. పైన, కింద ఒక్కోటి తెరిచి ఉంచండి. నిజంగా నీళ్లు వచ్చేది అడుగు నుంచి. టెంటు కింద పరిచే పట్టా అంచులు బయటికి కనపడితే పై కప్పు మీంచి జారిన వానంతా పట్టాకీ టెంటుకీ మధ్య చేరుతుంది. పట్టాని నాలుగు వైపులా ఐదు సెంటీమీటర్లు లోపలికి మడవండి. పల్లంలో, ఎండిన వాగులో, ఎండుకొమ్మల కింద టెంటు వేయొద్దు.

జవాబు 5

చివరి రెండు గంటల సంగతి. పొద్దు గుంకడానికి రెండు గంటల ముందు అక్కడ ఉండండి. దిగగానే ఆయనకి కుర్చీ వేసిచ్చి, అప్పుడు టెంటు మొదలుపెట్టండి. ఆ వెంటనే పరుపులు ఊదేయండి, పడక సిద్ధంగా కనపడితే మనసు కుదుటపడుతుంది. ఎవరి తలలైటు వాళ్లకుండాలి.

మెత్తటి నేలలో సైడ్ స్టాండ్ దిగిపోయి రాత్రి బండి పడిపోతుంది. అరచేయంత చెక్క ముక్కో మందపాటి రేకో స్టాండ్ కింద పెట్టండి. బండిని టెంటుకి రెండు మీటర్ల దూరంలో, వాలు టెంటు వైపు కాకుండా ఆపండి. ఏటవాలు ఉంటే ముందు చక్రం ఎత్తువైపుకి, ఫస్ట్ గేరులో. వేడి సైలెన్సర్ కింద ఎండుగడ్డి లేకుండా చూడండి.

స్టవ్వు ఎంత వాన పడుతున్నా టెంటు లోపల వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పని అయిపోతుంది. గాలి లేనిచోట లీటరు నీళ్లు మరగడానికి సుమారు 15 గ్రాముల గ్యాసు పడుతుంది, ఒక రాత్రికి 100 గ్రాముల డబ్బా సరిపోతుంది. బ్యూటేన్ ఒక్కటే ఉన్న డబ్బా సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వదు, చలిచోట ప్రొపేన్ కలిసిన మిశ్రమం తీసుకోండి.

పొద్దున్నే పై కప్పు తడిగా ఉంటే దాన్ని వేరే సంచిలో పెట్టి టెంటు సంచికి బయట కట్టండి. కలిపి చుడితే లోపలి గుడ్డ కూడా తడుస్తుంది. ఇంటికి చేరిన రోజే విప్పి ఆరేయండి. రెండు రోజులు మడతలోనే ఉంటే బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు.