పర్సనాలిటీ టెస్టు చూసి పని మార్చేయడం న్యాయమేనా?

నైట్‌షిఫ్ట్: మా ఆఫీసులో అందరి చేతా ఎంబీటీఐ టెస్టు రాయించారు. అదే, మనుషుల్ని పదహారు రకాలుగా విడగొట్టేది. నాకు ఇంట్రోవర్ట్ అని వచ్చింది. అంతే, క్లయింట్ కాల్స్ తీసేసి డాక్యుమెంటేషన్ చూసుకోమన్నారు. మొన్నటిదాకా ఆ కాల్స్ నేనే చూశాను, ఒక్క కంప్లయింట్ లేదు. జాతకాలు కలవలేదని సంబంధం వద్దన్నట్టు లేదూ ఇది?

సైకాలజీ లెక్చరర్: జాతకం అన్నారు కాబట్టి చెప్తున్నా. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే ఆయన 39 మంది విద్యార్థులకు టెస్టు పెట్టి, ఎవరి రిపోర్టు వాళ్లదే అని నమ్మించి అందరికీ ఒకటే కాగితం ఇచ్చాడు. పైకి క్రమశిక్షణగా కనిపిస్తావు, లోపల మాత్రం టెన్షన్ పడుతుంటావు, ఇలాంటి మాటలు. చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే! రిపోర్టు ఎంత బాగా సరిపోయిందో చెప్పమంటే విద్యార్థులు వేసిన మార్కుల సగటు 5కి 4.26.

ఇక ఎంబీటీఐ. కార్ల్ యుంగ్ అనే స్విట్జర్లాండ్ సైకాలజిస్టు 1921లో రాసిన పుస్తకం ఆధారంగా కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ అనే తల్లీకూతుళ్లు తయారుచేశారు. చిక్కేమిటంటే, జనం స్కోర్లు ఎక్కువగా మధ్యలోనే ఉంటాయి. అక్కడ గీత గీసి ఇటు ఇంట్రోవర్ట్, అటు ఎక్స్‌ట్రోవర్ట్ అంటే గీతకు ఆనుకుని ఉన్న ఇద్దరూ వేర్వేరు రకాలైపోతారు. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి రకమే మారిపోతుంది.

హెచ్ఆర్ మనిషి: తప్పు టెస్టుది కాదండీ, వాడినవాళ్లది. ఉద్యోగాల ఎంపికకు దీన్ని వాడొద్దని అమ్మే కంపెనీయే చెప్తుంది. మా వర్క్‌షాప్‌లో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి, ‘మీటింగ్‌లో నేను మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టు కాదు’ అని అందరి ముందూ అంది. ఆ మాట రావడానికి ఈ టెస్టే సాకు అయింది.

గోడమీద పిల్లి: అసలు స్థిరమైన స్వభావం అంటూ ఉందా? ఒక సందర్భంలో మనిషిని చూసి ఇంకో సందర్భంలో ఏం చేస్తాడో చెప్పబోతే సహసంబంధం (సున్నా అంటే ఏ పొంతనా లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.3 దాటడం అరుదని వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు 1968లోనే తేల్చాడు. నేను ఇంట్లో నోరెత్తను, క్రికెట్ ఆడేటప్పుడు నన్నెవరూ ఆపలేరు. ఇందులో నేనెవర్ని?

సైకాలజీ లెక్చరర్: రెండూ మీరే. ఒక్క రోజు చూస్తే ఏమీ తేలదు, చాలా రోజుల సగటు తీస్తే స్వభావం నిలకడగానే కనిపిస్తుందని 1979లో సేమూర్ ఎప్‌స్టీన్ అనే ఇంకో సైకాలజిస్టు చూపించాడు. ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా వాడే బిగ్ ఫైవ్ అనే పద్ధతిలో రకాలుండవు, ఐదు గుణాల కొలతలుంటాయి. వాటిలో పద్ధతిగా, బాధ్యతగా ఉండే గుణానికి ఉద్యోగంలో పనితీరుతో సంబంధం ఉంది. అదీ కొద్దిగానే. దాన్నిబట్టి ఒకరి పని మార్చేయడం కుదరదు.

హెచ్ఆర్ మనిషి: టెస్టులు తీసేస్తే మిగిలేదేమిటి? మేనేజర్ మొహం చూసి ‘వీడిలో చురుకు లేదు’ అనేస్తాడు. అది మేలా?

నైట్‌షిఫ్ట్: అదొక్కటే ఎందుకు మిగులుతుందండీ? నా కాల్ రికార్డింగులున్నాయి, క్లయింట్లు పంపిన మెయిల్స్ ఉన్నాయి. లెక్చరర్ గారు చెప్పిన చాలా రోజుల సగటు అంటే అదేగా. సోమవారం అవన్నీ మేనేజర్‌కి పంపుతున్నా.

హెచ్ఆర్ మనిషి: పంపండి. మీ హెచ్ఆర్‌ని సీసీలో పెట్టడం మర్చిపోకండి.